గ్రామసభకు ముందే లెక్క గోడకెక్కాలి

సంపాదకులకు నమస్కారం.

చిత్తూరు, తిరుపతి జిల్లాల పల్లెల్లో గ్రామసభ గురించి తరచూ వినబడే మాట "అదెప్పుడు జరిగింది?" అని. జరిగిపోయాక తెలియడం మామూలైపోయింది. పంచాయతీ ఆఫీసు ముందు ఒక షామియానా, నాలుగు కుర్చీలు, ఫొటో కోసం కూర్చున్న పదిమంది, చేతులు మారుతూ తిరిగే తీర్మానాల పుస్తకం. అంతటితో ఆ ఏడాది బాధ్యత తీరిపోతోంది. సభ పెట్టారా లేదా అని పై అధికారులు అడుగుతారు, పత్రికలు రాస్తాయి. సభకు ముందు వారం రోజుల్లో ఏం జరిగిందని అడిగేవాళ్లు లేరు. మా ఉత్తరం ఆ వారం గురించే.

ముందు చట్టం సంగతి. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం 6వ సెక్షన్ ప్రకారం ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే. ఏడాదికి కనీసం రెండుసార్లు సభ జరగాలి. ఏప్రిల్ 14, అక్టోబరు 3 ఏనాటి నుంచో అందుకు పెట్టుకున్న తేదీలు. పంచాయతీ ఆ సభ ముందు ఏమేం పెట్టాలో కూడా అదే సెక్షన్ చెప్పింది. వార్షిక జమాఖర్చులు, ఆడిట్ నివేదిక, కిందటేడు జరిగిన పాలన మీద నివేదిక, ఈ ఏడు చేయబోయే పనులు, కొత్త పన్ను వేయాలన్నా ఉన్నది పెంచాలన్నా ఆ ప్రతిపాదన, పథకాలకు లబ్ధిదారుల ఎంపిక, ఇవన్నీ సభ ముందుకు రావాలి. గ్రామసభ పెట్టని సర్పంచ్‌కు పదవే పోయే నిబంధన కూడా చట్టంలో ఉంది. రాజ్యాంగం 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చి, 11వ షెడ్యూలులో 29 అంశాలను పంచాయతీల పరిధిలోకి తెచ్చింది. కాబట్టి అధికారానికి కొదవ లేదు. కొదవంతా ఆ అధికారాన్ని ఊరి కళ్లముందు నడిపే పద్ధతికే.

తలుచుకుంటే చేయగలమని కూడా చూశాం. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు జరిగాయి. ముందుగా తేదీ చెప్పారు, ఏ విషయం మీద సభో చెప్పారు, జనం వచ్చారు. ఆ ఏర్పాటు మామూలు సభలకు కూడా ఉంటే ఈ ఉత్తరం రాయాల్సిన పని ఉండేది కాదు.

ఈ విషయంలో ఇంగ్లండు పల్లెలను చూసి నేర్చుకోవలసింది కొంత ఉంది. అక్కడ మన గ్రామ పంచాయతీకి దగ్గరగా ఉండేది పారిష్ కౌన్సిల్. పారిష్ అంటే మొదట్లో ఒక చర్చి కింద ఉండే ఊరు. 1894 చట్టంతో చర్చి పనుల నుంచి ఊరి పనులను విడదీసి ఎన్నికైన కౌన్సిళ్ల చేతికిచ్చారు. ఇప్పుడు నడుస్తున్నది 1972 నాటి లోకల్ గవర్నమెంట్ చట్టం. ఇంగ్లండు మొత్తం మీద పారిష్, టౌన్ కౌన్సిళ్లు సుమారు 10,000 ఉన్నాయి. ఒక్కోదానికి కనీసం ఐదుగురు సభ్యులు. ఎక్కువచోట్ల వాళ్లకు జీతం ఉండదు. రాతకోతలు చూసే క్లర్కు చాలాచోట్ల కొద్ది గంటలే పనిచేసే ఉద్యోగి. శ్మశానం, ఆటస్థలం, బస్ షెల్టరు, కాలిబాట, వీధి దీపాలు, కూరగాయలు పండించుకోవడానికి ఇంటింటికీ అద్దెకిచ్చే చిన్న మడులు, ఇలాంటివే వాళ్ల పనులు. ఇల్లు కట్టుకునే అనుమతి విషయంలో కూడా వాళ్లు అభిప్రాయం చెప్పగలరు, అంతే. నిర్ణయం పై కౌన్సిల్‌ది. అధికారాల్లో చూస్తే మన పంచాయతీ ముందు పారిష్ కౌన్సిల్ చాలా చిన్నది.

అక్కడంతా సవ్యంగా ఉందని మేం చెప్పడం లేదు. చెషైర్‌లోని హ్యాండ్‌ఫోర్త్ పారిష్ కౌన్సిల్ 2020 డిసెంబరులో ఆన్‌లైన్‌లో పెట్టుకున్న సమావేశంలో సభ్యులు అరుచుకున్న వీడియోను 2021 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. మనుషులు ఎక్కడైనా మనుషులే. మనుషులు ఎలా ఉన్నా కాగితం మాత్రం తప్పకుండా నడిచేలా వాళ్లు కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నారు. మనకు కావలసింది అవి.

మొదటిది నోటీసు. కౌన్సిల్ సమావేశానికి కనీసం మూడు పూర్తి రోజుల ముందు సమయం, స్థలం రాసిన నోటీసు ఊళ్లో అందరికీ కనబడే చోట అతికించాలి. చర్చించే విషయాల జాబితా అదే గడువులో సభ్యులకు చేరాలి. పూర్తి రోజులంటే నోటీసు అతికించిన రోజు లెక్కలోకి రాదు, సమావేశం రోజు రాదు, ఆదివారాలు, ప్రభుత్వ సెలవులు కూడా రావు. గురువారం సాయంత్రం సమావేశమైతే ముందటి వారం శనివారానికే కాగితం గోడమీద ఉండాలి. జాబితాలో లేని విషయం మీద ఆ సమావేశం తీర్మానం చేస్తే అది చెల్లదు. "ఇతర అంశాలు" అని కింద ఒక వరుస రాసుకున్నా, దాని కింద మాట్లాడుకోవచ్చు గానీ ఒక్క పౌండు ఖర్చుకు కూడా నిర్ణయం చేయకూడదు.

మన దగ్గర నోటీసుల్లో చివరి వరుస "సభాధ్యక్షుల అనుమతితో ఇతర అంశములు" అని ఉంటుంది. చాలా ఊళ్లలో పెద్ద ఖర్చులు, స్థలాల సంగతులు, వేలంపాటల గడువు పొడిగింపులు వచ్చేది ఆ వరుస కిందే. ముందు తెలిస్తే అడిగేవాళ్లు వస్తారని దాన్ని వెనక్కి నెడతారు. ఆ వరుస మాటలకే గానీ తీర్మానాలకు కాదని జిల్లా పంచాయతీ అధికారులు ఒక్క సర్క్యులర్ ఇస్తే సగం అనుమానాలు తీరిపోతాయి.

రెండోది ఊరందరి సభ. వాళ్లకూ మన గ్రామసభ లాంటిదే ఒకటి ఉంది. ఏటా మార్చి 1 నుంచి జూన్ 1 లోపు జరగాలి, ఏడు పూర్తి రోజుల ముందు నోటీసు ఉండాలి. సాయంత్రం 6 గంటలకు ముందు మొదలుపెట్టకూడదని చట్టంలోనే రాశారు. పనికి పోయినవాళ్లు ఇంటికొచ్చి, ముఖం కడుక్కుని రావాలి కదా! ఛైర్మన్ సభ పిలవకపోతే ఇద్దరు సభ్యులు పిలవొచ్చు, ఆరుగురు ఓటర్లు కలిసినా పిలవొచ్చు.

మన సభలు ఎక్కువగా పొద్దున 11 గంటలకు. ఆ వేళకు కూలీలు పనిలో ఉంటారు, చదువుకున్న పిల్లలు తిరుపతి, చిత్తూరు బస్సెక్కి ఉంటారు, ఆడవాళ్లు పొలంలోనో పశువుల దగ్గరో ఉంటారు. ఒక పూట కూలి వదులుకుని వచ్చి కూర్చోమనడం న్యాయం కాదు. ఏప్రిల్ 14 ఎండ సంగతి చెప్పనక్కర్లేదు. సాయంత్రం పాలకేంద్రంలో పాలు పోసి వచ్చేసరికి ఏడవుతుంది. సభను రాత్రి ఏడున్నరకు, దీపాలున్న బడి ఆవరణలో పెడితే మూడింతల మంది వస్తారు. మహాభారతం హరికథ వినడానికి, రాత్రంతా వీధినాటకం చూడటానికి జనం కూర్చునే ఊళ్లివి. రెండు గంటలు లెక్క వినడానికి కూర్చోలేరా?

మూడోది, మేం గట్టిగా అడుగుతున్నది, లెక్క. పారిష్ కౌన్సిల్ ఆర్థిక సంవత్సరం మనలాగే మార్చి 31తో ముగుస్తుంది. తర్వాత 30 పనిదినాల పాటు జమాఖర్చుల పుస్తకాలు, బిల్లులు, రశీదులు, ఒప్పందాలు ఎవరైనా వచ్చి చూడొచ్చని నోటీసు అతికించాలి. ఆ 30 రోజుల్లో జులై మొదటి 10 పనిదినాలు తప్పకుండా ఉండాలి. అంటే దేశమంతటా ఒకే కాలంలో ఊరి లెక్కల పుస్తకం తెరిచి ఉంటుంది. ఆ ఊరి ఓటరు నేరుగా బయటి ఆడిటర్‌కే అభ్యంతరం రాసి ఇవ్వొచ్చు. ఏడాది రాబడీ ఖర్చూ 25,000 పౌండ్లు దాటని చిన్న కౌన్సిళ్లకు బయటి ఆడిట్ తనిఖీ నుంచి మినహాయింపు దొరుకుతుంది. దానికి బదులు 100 పౌండ్లు దాటిన ప్రతి ఖర్చూ విడివిడిగా ప్రకటించాలి.

వాళ్లకు ఈ పట్టింపు రావడానికి ఇంకో కారణం ఉంది. పారిష్ కౌన్సిల్ తన ఏడాది ఖర్చు లెక్కేసుకుని, ఇంత కావాలని పై కౌన్సిల్‌కు చెబుతుంది. దాన్ని ప్రిసెప్ట్ అంటారు. ఆ మొత్తం ఇళ్ల పన్నుతో కలిపి వసూలవుతుంది, బిల్లులో పారిష్ వాటా వేరే వరుసగా కనబడుతుంది. డబ్బు తన జేబులోంచి పోయిందని కనబడితే మనిషి అడుగుతాడు. మన దగ్గర ఇంటి పన్ను చిన్నది, కేంద్ర ఆర్థిక సంఘం సిఫారసుతో వచ్చే గ్రాంటు పెద్దది. పై నుంచి వచ్చిందనేసరికి అది ఎవరి డబ్బో అన్నట్టు ఉంటాం. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పంచాయతీలకిచ్చిన మామూలు గ్రాంటులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే ఖర్చు పెట్టాలన్నారు, 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చన్నారు. ఈ ఒక్క వాక్యం ఊళ్లో అందరికీ తెలిసి ఉంటే "మా వీధిలో కాలువ తీయడానికి డబ్బుల్లేవు" అన్న జవాబు ఇంత తేలిగ్గా వచ్చేది కాదు.

ఇక ఏం చేయాలో వివరంగా.

పంచాయతీ ఆఫీసు నోటీసు బోర్డు దగ్గర ఒకసారి నిలబడి చూడండి. అద్దం తలుపుకు తాళం, తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలియదు. లోపల ఎండకు పసుపెక్కిన పాత ఓటర్ల జాబితా, ఒక మూల పోలియో చుక్కల కరపత్రం, గుండుసూదులు తుప్పుపట్టి కాగితం మీద గోధుమరంగు మచ్చలు. కింద గోడకు సైకిలు ఆనించి ఉంటుంది, దగ్గరికి పోయి చదవడానికి వీలుండదు. బోర్డు అనేదానికి పని ఉందని అందరూ మరిచిపోయిన బోర్డు అది.

పైగా మన పంచాయతీ అంటే ఒక ఊరు కాదు. ఒక పెద్ద ఊరు, దాని చుట్టూ నాలుగైదు పల్లెలు, దళితవాడ, ఎస్టీ కాలనీ, గుట్ట కింద పది ఇళ్లు. ఆఫీసు గోడ మీద అంటించింది రెండు కిలోమీటర్ల అవతల కాలనీకి చేరదు. కాబట్టి ప్రతి నివాసానికీ ఒక చోటు నిర్ణయించాలి. పాలకేంద్రం అన్నిటికన్నా మంచిది, పొద్దునా సాయంత్రమూ జనం వరుసలో నిలబడే చోటు అదొక్కటే. పాలకేంద్రం లేనిచోట చౌకదుకాణం, అదీ లేకపోతే రచ్చమాను దగ్గర గోడ. చూరు కింద నీడ పడేచోట, నేల నుంచి మూడున్నర అడుగుల ఎత్తులో మొదలయ్యేలా బోర్డు పెడితే ముసలివాళ్లూ చదవగలరు. రంగు ప్రింటరు సిరా పది రోజుల ఎండకే వెలిసిపోతుంది, జిరాక్స్ కాగితం నిలుస్తుంది. ప్లాస్టిక్ కవరులో పెట్టి మూతి పైకి ఉంచితే వాన నీళ్లు దిగి అక్షరాలు అలుక్కుపోతాయి, మూతి కిందికి ఉండాలి. అక్షరాలు పెద్దవిగా ఉండాలి. అతికించిన తేదీ, గంట రాసి కార్యదర్శి సంతకం పెట్టాలి, గోడమీద ఉన్న కాగితాన్ని ఫోనులో ఫొటో తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో వేయాలి. చదువురాని వాళ్ల కోసం సభకు ముందురోజు సాయంత్రం దండోరా. పొదుపు సంఘాల నెలవారీ సమావేశంలో ఆ కాగితం ఒకసారి పైకి చదివితే ఇంటింటికీ చేరినట్టే.

ఆ కాగితాల్లో ఏముండాలి? రాబడి ఒక కాగితం. ఇంటి పన్ను డిమాండ్ ఎంత, వసూలు ఎంత, బకాయి ఎంత, నీటి రుసుము, చింతచెట్ల వేలం, సంత వేలం, చెరువులో చేపల పాట, స్టాంపు డ్యూటీ వాటా, ఆర్థిక సంఘం గ్రాంటు. ఖర్చు ఇంకో కాగితం. 5,000 రూపాయలు దాటిన ప్రతి చెల్లింపుకూ తేదీ, ఎవరికి, దేనికి, ఏ పల్లెలో, బిల్లు నంబరు. మూడో కాగితం మీద బ్యాంకులో, ట్రెజరీలో మిగిలింది, ఇంకా కట్టాల్సిన బిల్లులు. మొత్తం నాలుగైదు పేజీలు దాటదు.

ఎక్కడ చెడుతుందంటే, ఖర్చును గంపగుత్తగా రాసేచోట. "వాటర్ వర్క్స్ మరమ్మతులు" అని ఒకే వరుసలో ఏడాది మొత్తం వేస్తే దేవుడు కూడా సరిచూడలేడు. విడదీసి రాస్తే మూడో తరగతి లెక్కలు వచ్చినవాళ్లు కూడా సరిచూస్తారు.

బ్లీచింగ్ పౌడర్‌నే చూడండి. మంచి పౌడర్ అయితే 1,000 లీటర్ల నీళ్లకు సుమారు రెండున్నర గ్రాములు పడుతుంది. 40,000 లీటర్ల ఓవర్‌హెడ్ ట్యాంకులు రెండు ఉండి, రోజుకు రెండుసార్లు నింపితే 1,60,000 లీటర్లు. రోజుకు 400 గ్రాములు, నెలకు 12 కిలోలు. 25 కిలోల బస్తా రెండు నెలలు వస్తుంది, ఏడాదికి ఆరు బస్తాలు. మూత సరిగా లేని బస్తాలో, తేమ తగిలే గదిలో ఉంచితే క్లోరిన్ ఎగిరిపోతుంది, అప్పుడు రెట్టింపు దాకా పట్టొచ్చు. లెక్కలో ఏడాదికి రెండే బస్తాలుంటే ఆ ఊరి నీళ్లలో చాలా రోజులు మందు పడలేదన్నమాట. ముప్పై ఉంటే అవి ఎక్కడికి పోయాయని అడగాలి. రెండూ అడగవలసిన ప్రశ్నలే, మొదటిది ఇంకా ముఖ్యం, అది పిల్లల కడుపుకు సంబంధించింది.

మందు వేసే పద్ధతి కూడా చెప్పాలి, ఎందుకంటే బస్తాల లెక్క సరిపోయినా ఇక్కడ తప్పు జరుగుతోంది. పౌడర్‌ను నేరుగా ట్యాంకులో కుమ్మరిస్తే ఉండలు కట్టి అడుక్కి పోతుంది, సున్నం పేరుకుంటుంది. బకెట్‌లో కొంచెం నీళ్లతో ముద్దలా కలిపి, ఇంకొన్ని నీళ్లు పోసి కలియబెట్టి, సున్నం అడుక్కి దిగేదాకా ఆగి, పైన తేరిన నీళ్లను మాత్రం ట్యాంకులో పోయాలి. కనీసం అరగంట ఆగి కొళాయి వదలాలి. చివరి ఇంటి కొళాయి దగ్గర నీళ్లు పట్టి పరీక్ష చేస్తే లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. పరీక్ష చేసే చిన్న పెట్టె ఉంటుంది, చుక్కలు వేస్తే నీళ్లు పసుపు రంగుకు తిరుగుతాయి, పక్కనున్న రంగుతో పోల్చడమే. ట్యాంకు దగ్గర పరీక్షించి సరేననుకుంటే చాలదు. పైపు మధ్యలో పగిలి కాలువ నీళ్లు కలిస్తే తెలిసేది చివరి కొళాయి దగ్గరే. ఇంటింటికీ కొళాయి నీళ్లిచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్‌లో ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు నీటి పరీక్షలు నేర్పించాలని ఉంది. వాళ్లు రాసిన ఫలితాల పుస్తకం కూడా గ్రామసభ ముందుకు రావాలి. లోతు బోర్ల మీద బతికే పల్లెల్లో అందులో ఫ్లోరైడ్ వరుస తప్పకుండా చూడాలి. లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 దాకా అనుమతి, అది దాటితే ఆ బోరు తాగడానికి పనికిరాదు.

సిమెంటు రోడ్డు సంగతి ఇంకా సులువు. 100 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం అని అంచనాలో ఉంటే 45 ఘనపు మీటర్ల కాంక్రీటు. ఎం-20 అనే కాంక్రీటు రకానికి ఘనపు మీటరుకు సుమారు 8 బస్తాల సిమెంటు, అంటే 360 బస్తాలు. మందం 10 సెంటీమీటర్లకు తగ్గితే కాంక్రీటు 30 ఘనపు మీటర్లే, మూడో వంతు పోయినట్టు. పైనుంచి చూసేవాళ్లకు రెండు రోడ్లూ ఒకేలా ఉంటాయి. టేపు పెట్టి చూడగలిగేది పక్కన మట్టి పోయకముందే, తర్వాత ఎవరి వల్లా కాదు. అందుకే పని మొదలయ్యే రోజు కూడా ఊరికి తెలియాలి. అంచనా కాగితం బోర్డు మీద ఉంటే ఆ వీధి వాళ్లే నిలబడి కొలుస్తారు. తడపడం కనీసం వారం రోజులు ఆగకుండా సాగాలి, సిమెంటు రకాన్ని బట్టి పది రోజులు. ఎండాకాలం బిల్లు త్వరగా పెట్టాలని రెండు రోజులు తడిపి వదిలేసిన రోడ్డు మొదటి వానకే పైపొర లేచి దుమ్ము అవుతుంది.

మోటారు మరమ్మతు బిల్లుల్లో ఏ బోరు, ఎన్ని హెచ్‌పీ, మోటారు నంబరు రాయాలి. అవి లేకపోతే ఒకే మోటారు ఏడాదికి నాలుగుసార్లు కాలినట్టు కాగితం మీద చూపించొచ్చు. నిజంగానే నాలుగుసార్లు కాలిందా, తప్పు మోటారుది కాదు, వోల్టేజీది గానీ నీళ్లు అందని లోతుది గానీ. దాన్ని సరిచేయకుండా వైండింగుకు డబ్బు పోయడం దండగ. వీధి దీపాలకు స్తంభం నంబరు చాలు.

తీర్మానాల పుస్తకం గురించి చెప్పకపోతే ఇదంతా వృథా. మన దగ్గర ముందు సంతకాలు, తర్వాత రాత. తెల్ల కాగితం మీద, సగం ఖాళీ వదిలిన పేజీ కింద ఎవరూ సంతకం పెట్టకూడదు. హాజరు సంతకాలకు వేరే పేజీ ఉండాలి. ప్రతి తీర్మానానికీ నంబరు వేసి, ఖర్చు ఉంటే అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాసి, చివరి వాక్యం కింద అడ్డగీత కొట్టి, జనం లేవకముందే పైకి చదివి, పేజీ ఫొటో తీయాలి. ఇంగ్లండులో మినిట్స్, అంటే సమావేశంలో జరిగినదాని రాత, విడి కాగితాల మీద రాసుకోవచ్చు గానీ ప్రతి పేజీకీ వరుస నంబరు, ప్రతి పేజీ మీదా అధ్యక్షుడి పొట్టి సంతకం ఉండాలి. మధ్యలో పేజీ మార్చేస్తే దొరికిపోవడానికే ఆ నియమం.

ఇంకో మాట. మన రాష్ట్రంలో పంచాయతీ పదవుల్లో సగం ఆడవాళ్లవి. చెల్లింపులు ఇప్పుడు సర్పంచ్, కార్యదర్శి డిజిటల్ సంతకాలతో జరుగుతాయి. ఆ సంతకం పెట్టడానికి వాడే డిజిటల్ కీ సర్పంచమ్మ చేతిలో కాకుండా భర్త జేబులోనో ఇంకొకరి సొరుగులోనో ఉంటే, రేపు ఆడిట్ అభ్యంతరం వచ్చినప్పుడు, రికవరీ నోటీసు వచ్చినప్పుడు పేరు ఆమెదే. ఏ బిల్లు మీద సంతకం పడిందో తెలియని మనిషి జవాబు చెప్పుకోవాల్సి రావడం ఘోరం. కీ ఆమె దగ్గరే ఉండాలి, ప్రతి చెల్లింపుకు ముందు బిల్లు ఆమెకు చదివి వినిపించాలి. గ్రామసభలో కుర్చీలో కూర్చుని లెక్క చదవాల్సింది కూడా ఆమే.

ఇది మన ఊళ్లకు కొత్తేమీ కాదు. గంగమ్మ జాతర అయిన మర్నాడు గుడి ముందు కూర్చుని చందాలెంత, పొట్టేలుకెంత, మేళగాళ్లకెంత, టపాకాయలకెంత, మిగిలిందెంత అని పైసాతో సహా చదివే ఆనవాయితీ చాలా పల్లెల్లో ఉంది. పది రూపాయలు తేడా వచ్చినా లేచి అడిగేవాళ్లుంటారు, జవాబు చెప్పేదాకా పెద్దమనుషులు లేవరు. అమ్మవారి డబ్బుకు ఉన్న భయభక్తులు, అమ్మవారి బిడ్డలు తాగే నీళ్ల డబ్బుకు కూడా ఉండాలి.

పంచాయతీలు వాటంతటవి మొదలుపెట్టేదాకా ఓటర్లు ఊరుకోవాల్సిన పని లేదు. పంచాయతీల లెక్కల కోసం కేంద్రం నడిపే ఈ-గ్రామ్ స్వరాజ్ పోర్టల్లో రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ ఎంచుకుంటే ఆ ఏడాది ప్రణాళిక, నమోదైన రాబడి ఖర్చులు ఫోనులోనే చూడొచ్చు. ప్రణాళికలో ఉన్న పనిని ఊళ్లో చూడండి, ఊళ్లో జరిగిన పనిని ప్రణాళికలో వెతకండి. బిల్లుల నకళ్లు కావాలంటే సమాచార హక్కు చట్టం కింద పంచాయతీ కార్యదర్శికి దరఖాస్తు ఇవ్వాలి. మన రాష్ట్రంలో గ్రామస్థాయిలో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. జవాబుకు గడువు 30 రోజులు, రాకపోతే ఇంకో 30 రోజుల్లో మొదటి అప్పీలు. దరఖాస్తులో "అవినీతి జరిగింది, వివరాలు ఇవ్వండి" అని రాస్తే జవాబు రాదు, అది ఆరోపణే గానీ సమాచారం అడిగినట్టు కాదు. "ఫలానా ఆర్థిక సంవత్సరం క్యాష్ బుక్, తాగునీటి పనుల వోచర్లు, ఫలానా వీధి సిమెంటు రోడ్డు కొలతల పుస్తకం పేజీల నకళ్లు" అని రికార్డు పేరుతో అడగాలి. ఏ కాగితం అడిగారో స్పష్టంగా ఉంటే లేదనడం కష్టం.

కార్యదర్శుల కష్టం మాకు తెలియనిది కాదు. సర్వేలు, యాప్‌లు, హాజరు ఫొటోలు, పైనుంచి రోజుకో నివేదిక. కానీ మేం అడుగుతున్న కాగితాలు కొత్తగా తయారుచేయాల్సినవి కావు, ఆడిట్ కోసం ఎలాగూ రాసేవే. వాటిని సభకు ముందు జిరాక్స్ తీసి గోడకు అంటించడమే అదనపు పని. ఒకసారి గోడమీద పెడితే ఏడాదంతా ఒక్కొక్కరు వచ్చి అడిగే ప్రశ్నలు తగ్గుతాయి కూడా.

రెండు జిల్లాల పంచాయతీ అధికారులకు మా విన్నపం ఒక్కటే. గ్రామసభ నివేదికతో పాటు, నోటీసు, లెక్కల కాగితాలు ప్రతి నివాసంలో అతికించిన తేదీ ఉన్న ఫొటోలు కూడా పంపాలని ఆదేశించండి. అక్టోబరు 3 సభకు ఏడు పూర్తి రోజుల గడువు కావాలంటే, మధ్యలో వచ్చే ఆదివారాలు, గాంధీ జయంతి తీసేసినా ఏ ఏడాదైనా సరిపోయే తేదీ సెప్టెంబరు 22. ఆ రోజు సాయంత్రం పాలు పోయడానికి వచ్చినవాళ్లకు కాగితం కనబడాలి.

ఇట్లు,
గ్రామసభలకు హాజరయ్యే కొందరు ఓటర్లు,
చంద్రగిరి ప్రాంతం, తిరుపతి జిల్లా